పాపట గోరింకలు చూపిన గూటి మల్లేశ్వరుడు

శ్రీ గూటి మల్లేశ్వరస్వామి వారి క్షేత్రం జాజికొండ దక్షిణపు వాలులో, బొంతలదిన్నె గ్రామానికి కోసెడు దూరంలో ఉన్నది. కొండ కింది వరకు బస్సు వస్తుంది. అక్కడి నుంచి మెట్లు లేవు; ఆవులు నడిచి నడిచి పడిన కాలిబాటే దారి. గాలిగోపురమో ధ్వజస్తంభమో కనిపిస్తుందని తలెత్తి చూసే యాత్రికులకు మొదట ఏమీ కనిపించదు. ఏనుగుల గుంపు పడుకున్నట్టున్న నల్లని గుండు ఒకటి, దాని నెత్తిన బండను చీల్చుకొని లేచిన తపసి చెట్టు ఒకటి ఉంటాయి. వేసవిలో ఆ చెట్టుకు ఒక్క ఆకు ఉండదు. తెల్లని బెరడుతో, ఒంటికి విభూతి పూసుకున్న మనిషిలా నిలబడి ఉంటుంది. చేతికి అందని ఎత్తున, మానులో ఒక చిన్న తొర్ర. స్వామివారు వెలసినది ఆ గుండు కడుపులోనే.

పిట్ట కట్టుకొనే ఇంటినీ గూడు అంటాము, దీపం పెట్టుకోవడానికి గోడలో వదిలే చోటునూ గూడు అంటాము. స్వామివారి పేరు ఏ గూటి వల్ల వచ్చిందని భక్తులు అడుగుతూ ఉంటారు. పిట్ట గూటి వల్లనే స్వామి ఉన్న గూడు దొరికింది గనుక రెండర్థాలూ చెల్లుతాయని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆ పిట్ట పాపట గోరింక.

మామూలు గోరింకను చూడని వారుండరు. పాపట గోరింక దానికి చెల్లెలి వంటిది; ఒడ్డూ పొడవూ కొంచెం తక్కువ, సోకు ఎక్కువ. నెత్తి మీద నల్లని జుట్టు నూనె రాసి వెనక్కి దువ్వినట్టు మెడ దాకా జారి ఉంటుంది. కోపం వచ్చినా, పాట వచ్చినా ఆ జుట్టు నిక్కబొడుచుకుంటుంది. రొమ్ము పండిన గోధుమ రంగు, రెక్కలు బూడిద రంగు, తోక అంచు తెలుపు. ముక్కు మొదట్లో నీలం, కొసన పసుపు. ఊరి నడిబొడ్డు కన్నా బీడు, తుప్పలు, పలుచని అడవి దీనికి ఇష్టం. మేసే పశువుల కాళ్ల మధ్య నడుస్తూ, అవి కదిపిన మిడతలను ఏరుకుంటుంది. మోదుగ పూసినప్పుడు పూలలో ముఖం ముంచి తేనె తాగి, నుదుట పసుపు పుప్పొడితో తిరుగుతుంది. ఇతర పిట్టల కూతలు ఎత్తుకొచ్చి తన పాటలో కలుపుకుంటుంది. వీటన్నింటినీ మించిన అలవాటు ఒకటుంది. నీళ్లు కనిపిస్తే ఇది తాగి ఊరుకోదు. దిగి, మునిగి, రెక్కలు కొట్టి, ఒళ్లంతా తడుపుకొని గాని లేవదు. ఈ క్షేత్రం కథ అంతా ఆ స్నానంలోనే ఉన్నది.

పూర్వం ఇక్కడ వరుసగా రెండేళ్లు వానలు లేవు. మూడో ఏడు వేసవికి వంక ఎండింది, ఊరి బావిలో బురద కూడా పగుళ్లిచ్చింది. వంక ఇసుకలో రెండు మూరలు తవ్వితే ఊరే చెలమ నాలుగు మూరలకు దిగింది, ఆపైన ఆరుకు. అప్పుడు ఊరి పెద్ద కోనప్ప రెడ్డి గ్రామాన్ని పిలిచి మాట్లాడాడు. ఏటి ఒడ్డు ఊళ్లలో బంధువులున్నారు, అందరం అక్కడికి పోదాం, వానలు పడినాక వద్దాం అన్నాడు. నాలుగు రోజుల నడక. నడవలేని గొడ్లను వదిలి పోవాలన్నది కూడా ఆ మాటలోనే ఉంది. పున్నమికి ప్రయాణం నిశ్చయమైంది. అప్పటికి తొమ్మిది రోజులే గడువు.

ఆ ఊరి మందను కాసేది జక్కమ్మ అనే కురబ స్త్రీ. ఆమెకు ముప్పై ఏళ్లు దాటాయి. మనిషి పీలగా ఉండేది, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒక ఆవు కుంటితే ఏ గిట్టలో ముల్లు ఉందో అల్లంత దూరం నుంచే చెప్పేది. మందలో పదకొండు చూడి ఆవులున్నాయి. నిండు కడుపులతో నాలుగు రోజులు అవి నడవలేవు. వాటిని కొండ కింద వదిలేసి వెళ్లేది తానే కదా అని ఆమెకు అన్నం దిగలేదు. కానీ ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర మాత్రం ఏముంది? మనుషులకే నీళ్లు లేవు.

ఆ మరునాడు పొద్దెక్కిన వేళ ఆమె మందతో కొండ వాలున ఉండగా, ఎప్పుడూ ఆవుల వెంట తిరిగే పాపట గోరింకల జంటలో ఒకటి వచ్చి ఎదుటి రాతి మీద వాలింది. జక్కమ్మకు దాని ముఖం కొత్తగా కనిపించింది. నల్లని జుట్టు పాయలు పాయలుగా అంటుకొని ఉంది. రొమ్ము ఈకలు ముద్దగా ఉన్నాయి. పిట్ట ఒళ్లు విదిలించుకున్నది. రాతి మీద నాలుగు చుక్కలు పడి, చూస్తూ ఉండగానే ఆరిపోయాయి.

ఆమె లేచి వెళ్లి ఆ రాయిని చేత్తో తడిమింది. తడి లేదు. అయినా తాను చూసింది నిజమే.

సాయంత్రం చెలమ దగ్గర ఈ సంగతి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి కుండలోనో మునిగి ఉంటుందిలే అన్నారు. జక్కమ్మకు ఆ మాట సరిపోలేదు. ఇంటింటికీ తిరిగి, రెండు రోజులు ఏ కుండనూ మూత లేకుండా ఉంచవద్దని ఆడవాళ్లను బతిమాలింది. నీళ్లు ఎలాగూ దాచుకొనే రోజులు గనుక వారు సరేనన్నారు. చెలమ దగ్గర పగలంతా కావలి ఉండనే ఉంది. మరునాడు కూడా పిట్ట తడిసే వచ్చింది. ఒకసారి కాదు, పొద్దు నడినెత్తికి రాక ముందే రెండుసార్లు.

ఇక ఆమెకు ఒకటే ఆలోచన పట్టుకుంది, ఇది ఎక్కడ మునుగుతున్నది? పిట్ట వెంట పరుగెత్తి ప్రయోజనం లేదని ఆమెకు తెలుసు. అది తిన్నగా ఎగరదు. ఆవు వీపు మీద వాలుతుంది, జిల్లేడు మీద వాలుతుంది, పురుగును పట్టుకుంటుంది, ఆ తరువాత ఒక్క ఊపున కనుమరుగవుతుంది. అందుకని జక్కమ్మ ఒక ఉపాయం చేసింది. మొదటి రోజు పిట్ట ఎక్కడ కనుమరుగైందో ఆ చోటికి మరునాడు మందను తోలింది. అక్కడ కూర్చుంటే మరి కొంత దారి కనిపించింది. మూడో రోజు అక్కడి నుంచి ఇంకొంచెం పైకి. ఇలా రోజుకొక మలుపు చొప్పున పిట్ట దారిని ఆమె పట్టుకుంటూ పోయింది. ఎండిన గడ్డి కూడా లేని వాలుకు గొడ్లను తోలుతున్నదని ఊళ్లో విసుక్కున్నారు. భర్త ఈరన్న అయితే, మూటలు కట్టుకోవాల్సిన వేళ పిట్టల వెంట పడిందని కోప్పడ్డాడు. ఆమె మందను ఇంకా పైకే తోలింది.

అయిదో రోజు ఆ దారి తపసి చెట్టు దగ్గర తెగింది. తొర్రలో పిల్లలు అరుస్తున్నాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా పురుగులు తెచ్చి పెడుతున్నాయి. పిల్లకు మేత పెట్టిన పిట్ట ఒకటి చెట్టు మొదట్లోకి దిగి, వేళ్ల నడుమ జానెడు నెర్రె ఉంటే తల వంచి అందులోకి నడిచి వెళ్లింది.

జక్కమ్మ ఆ నెర్రెకు చెవి ఆనించింది. లోపలి నుంచి చల్లని గాలి చెంపకు తగిలింది. గాలితో పాటు ఒక చప్పుడు, ఆగి ఆగి పడుతున్న చుక్క చప్పుడు. భుజం దాకా చెయ్యి పెట్టినా ఏమీ అందలేదు. తలగుడ్డ విప్పి, ములుగర్ర కొసకు చుట్టి, లోపలికి దించింది. పైకి తీస్తే గుడ్డ బరువుగా ఉంది. దాన్ని అరచేతిలోకి పిండుకొని తాగింది. మళ్లీ తడిపి, దగ్గరున్న చూడి ఆవు నోట పిండింది. మూడోసారి తడిపిన గుడ్డను పిండకుండా, అలాగే చేతిలో పట్టుకొని ఊళ్లోకి పరుగెత్తింది.

కోనప్ప రెడ్డి ఆ గుడ్డను తాకి చూశాడు, వాసన చూశాడు. మరుక్షణం వడ్డె తిప్పయ్యను పిలిపించాడు. తిప్పయ్య చుట్టుపక్కల ఏడు ఊళ్లకు బావులు తవ్వినవాడు, రాయి పేరు చెబితే నిద్రలో నుంచి లేచేవాడు. జక్కమ్మను వెంటబెట్టుకొని ఇద్దరూ మిట్టమధ్యాహ్నపు ఎండలోనే కొండెక్కారు. తిప్పయ్య నెర్రెలో చెయ్యి పెట్టి, గుండును నాలుగు చోట్ల తట్టి, నీరు ఉన్నమాట నిజమే, కానీ గుడ్డ పిండితే ఊరు బతకదు అన్నాడు. చెట్టు నరికి, వేళ్లు పెరికి, నెర్రెలో ఉలులు దించి బండను పగలగొట్టాలి. ఒక పూట పని. రెడ్డి రేపు తెల్లవారగానే మొదలుపెట్టమన్నాడు.

చెట్టులో పిల్లలున్నాయని జక్కమ్మ అంటే రెడ్డి కోపగించుకోలేదు. ఊళ్లోనూ పిల్లలున్నారని మాత్రం అన్నాడు. వారు పనిముట్ల కోసం దిగిపోయారు. ఆమె మందతో అక్కడే ఉండిపోయింది. అయిదు రోజుల అలసట మీద పడింది. గుండు నీడన కూర్చున్నది కూర్చున్నట్టే కన్ను మూతపడింది.

అప్పుడు ఆమెకు కల వచ్చింది. నల్లని జుట్టు నున్నగా వెనక్కి దువ్వుకొని, గోధుమ వన్నె మేనితో, బూడిద రంగు ఉత్తరీయం కప్పుకొన్న ఒక పురుషుడు ఎదుట నిలిచాడు. ఆ ఉత్తరీయానికి తెల్లని అంచు ఉంది. ఆయన నవ్వుతూ, "నన్ను పైనుంచి తవ్వుతారేమమ్మా? నా ఇంటికి రెండు గుమ్మాలు" అన్నాడు. ఎవరు సామీ అని ఆమె అడిగే లోపలే మెలకువ వచ్చింది.

కల లేదు, ఆమెకే ఆ ఆలోచన తట్టిందని చెప్పే పెద్దలూ ఉన్నారు. ఎలా అయినా, కళ్లు తెరవగానే జక్కమ్మకు ఒక సంగతి స్ఫురించింది. పొద్దుటి నుంచి పిట్టలు నెర్రెలోకి వెళ్లడం చాలాసార్లు చూసింది. నెర్రెలో నుంచి బయటికి రావడం ఒక్కసారి కూడా చూడలేదు.

మరునాడు తెల్లవారేసరికి ఊరంతా కొండ మీద ఉంది. ఖాళీ కుండలతో ఆడవాళ్లు, సమ్మెటలతో, గడ్డపారలతో, గొడ్డళ్లతో మగవాళ్లు. చెట్టు నరికే ముందు నెర్రె నోరు కొంత వెడల్పు చేద్దామని తిప్పయ్య ఉలిని ఆనించి సమ్మెట ఎత్తబోతుండగా జక్కమ్మ వచ్చి చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె వేడుకోలేదు. రాయి సంగతి తెలిసిన మనిషిని రాయి సంగతే అడిగింది.

"తిప్పయ్య మామా, పిట్ట ఈడ లోపలికి పోతాండాది. మల్లా ఈడ నుంచి రావడం లేదు. యాడ నుంచి బయటికి వస్తాండాది?"

తిప్పయ్య సమ్మెట దించాడు. ముప్పై ఏళ్లుగా రాయి పగలగొడుతున్నవాడు, ఆ ప్రశ్న తనకు తట్టలేదే అని అతనికి అనిపించింది. నిన్న చేతికి తగిలిన చల్లగాలి గుర్తుకు వచ్చింది. గాలి ఆడుతున్నదంటే ఇంకో నోరు ఉండి తీరాలి. ఇంకో నోరు ఉంటే లోపల డొల్ల ఉండాలి. డొల్ల నెత్తిన ఎక్కడ దెబ్బ వేస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

"రెడ్డీ, ఒక్క పూట ఆగుదాం" అన్నాడు. "కప్పు ఎంత మందం ఉండాదో నాకు తెలీదు. తెలీకుండా కొట్టను."

జనం గొణిగారు. నాలుకలు పిడచకట్టిన వారికి పూట అంటే తక్కువ కాదు. కోనప్ప రెడ్డి పొద్దు వాలే వరకు గడువిచ్చాడు.

కానీ పిట్టలు రాలేదు. ఇంతమంది మనుషులను చూసి అవి దూరాన ఒక రాతి మీద నిలబడి, జుట్లు నిక్కించి, గొంతు చించుకొని అరిచాయి. నోట పట్టుకున్న పురుగులు నోటనే ఉన్నాయి. తొర్రలో పిల్లల అరుపు మొదట పెద్దదై, తరువాత సన్నగిల్లింది. జనాన్ని వెనక్కి పొమ్మంటే పోయారు, కూర్చోమంటే కూర్చున్నారు. అయినా పిట్టలు నమ్మలేదు. పొద్దు నడినెత్తి దాటింది. తన ఆరాటమే ఆ పిల్లల ప్రాణం తీస్తుందేమోనని జక్కమ్మకు మొదటిసారి భయం వేసింది.

అవి మనుషులను నమ్మవు, మరి ఎవరిని నమ్ముతాయి అనుకుంటే ఆమెకు తన మంద కనిపించింది. వెంటనే ఆవులను గుండు మీదికి తోలింది. తాను గొంగడి కప్పుకొని, చేతులు కూడా నేలకు ఆనించి వంగి, వాటి నడుమ కలిసిపోయింది. తిప్పయ్యను గుండుకు దిగువన, బలుసు పొదల ఎదుట, కదలకుండా బోర్లా పడుకోమన్నది. ఆవులు రాలిన ఎండుటాకులను కాళ్లతో కదిపాయి. మిడతలు లేచాయి. కొంతసేపటికి పాపట గోరింక ఒకటి ఆవుల మధ్య వాలింది. ఎప్పటిలాగే గిట్టల పక్కనే నడుస్తూ ఏరుకున్నది. తొర్రకు ఎగిరి పిల్లల నోట పెట్టింది. తరువాత నెర్రె దగ్గరికి నడిచి, ఒకసారి ఇటూ అటూ చూసి, లోపలికి దిగింది.

గొంగడి కింద జక్కమ్మ ఊపిరి బిగబట్టింది. దూరాన వందమంది ఊపిరి బిగబట్టారు.

దిగువన బలుసు పొద ఆకు కదిలింది. గుండుకు ఏటవాలుగా ఆనుకొని ఉన్న పలకరాయి వెనుక నుంచి, జుట్టు పాయలు అంటుకొని, నీళ్లు ఓడుతూ పిట్ట బయటికి వచ్చింది. తిప్పయ్య ముఖానికి మూరెడు దూరంలో ఒళ్లు విదిలించుకొని ఎగిరిపోయింది. ఆయన ముఖం మీద పడ్డ చుక్కలను తుడుచుకోకుండానే లేచి నిలబడి చెయ్యి ఊపాడు.

పొదను పాయలుగా వంచి, పలకరాయి కిందికి చండ్ర కర్ర దుంగలు దూర్చి, పదిమంది భుజాలు ఆనించి తోస్తే అది పక్కకు జరిగింది. ఒక్క ఇనుప దెబ్బ కూడా పడలేదు. లోపల నడుము ఎత్తు గుహ. తిప్పయ్య, జక్కమ్మ వంగి లోపలికి వెళ్లారు. పైనున్న నెర్రె నుంచి సన్నని వెలుగు దిగుతున్నది. ఆ వెలుగులో ఒక శివలింగం. కప్పు నుంచి జారిన చుక్కలు లింగం మీద పడి, చుట్టూ మోకాటి లోతు మడుగై నిలిచి ఉన్నాయి. ఎవరు ప్రతిష్ఠించారో, ఏ యుగంలోనో, ఎవరికీ తెలియదు. ఒక తపస్వి స్వామిని సేవిస్తూ కాలం మరిచి చెట్టైపోయాడని, అందుకే అది తపసి చెట్టు అయిందని అంటారు.

తిప్పయ్య మాత్రం ముందు లింగాన్ని చూడలేదు, కప్పును చూశాడు. గుండు రెండుగా చీలి, ఆ రెండు ముక్కలనూ తపసి చెట్టు వేళ్లే పట్టి ఆపుతున్నాయి. అరచెయ్యి వెడల్పున వేళ్లు రాతికి కట్లు కట్టినట్టు అల్లుకొని ఉన్నాయి. చెట్టు నరికి ఒక్క సమ్మెట దెబ్బ వేసి ఉంటే కప్పు కూలి, మడుగునూ స్వామినీ పూడ్చి ఉండేది. సమ్మెట ఎత్తిన చేతులతోనే ఆ వేళ్లను తడిమాడు. బయటికి వచ్చి రెడ్డికి ఆ మాటే చెప్పాడు.

కోనప్ప రెడ్డి తలపాగా తీశాడు. అందరూ కుండలు పట్టుకొని ముందుకు వస్తుంటే ఆపి, "మొదట జక్కమ్మ ఆవులు" అన్నాడు.

పదకొండు చూడి ఆవులకు గుహ ముందు రాతి పల్లంలో నీళ్లు పోశారు. అవి తాగినాక మనుషులు తాగారు. పగలు ఎంత తోడినా తెల్లవారేసరికి మడుగు మళ్లీ మోకాటి లోతుకు వచ్చేది. అంతకు ఒక బెత్తెడు పెరగలేదు, ఒక బెత్తెడు తగ్గలేదు. పున్నమి వచ్చింది, ప్రయాణం జరగలేదు. ఈరన్న కట్టిన మూటలు తానే విప్పి, మందను తోలడానికి భార్య వెంట కొండకు వచ్చాడు. మరి పన్నెండు రోజులకు తొర్రలోని మూడు పిల్లలూ ఎగిరిపోయాయి. ఆషాఢంలో వంక పారింది. అప్పటికి పదకొండు ఆవులూ ఈనాయి.

ఆనాటి నుంచి స్వామివారికి జక్కమ్మ వంశపు ఆడపడుచులే అర్చన చేస్తున్నారు. ఇక్కడ తీర్థాన్ని ఉద్ధరిణెతో ఇవ్వరు. తెల్లని నూలు గుడ్డను మడుగులో ముంచి, భక్తుల అరచేతిలోకి పిండుతారు. మిగిలిన తడితో తలపై పాపటను తాకుతారు. చైత్రం నుంచి ఆషాఢం వరకు కొండ మీద ఇనుప పనిముట్టు వాడరు, బాజాలు మోగించరు. గుహకు తలుపు పెట్టిస్తామని దాతలు ముందుకు వచ్చారు గాని గ్రామస్థులు ఒప్పుకోలేదు. ఊరి ఆవు ఏది ఈనినా మొదటి జున్ను స్వామికి నివేదించి, వచ్చినవారికి పంచుతారు. తిప్పయ్య సంతతి వారు ఏటా వైశాఖ పౌర్ణమికి వచ్చి గుహ కప్పును పరీక్షించి, వేళ్లకు పసుపు నీళ్లు పోసి వెళతారు.

పోయిన పశువు జాడ తెలియనివారు, తప్పిపోయిన మనిషి కోసం తిరుగుతున్నవారు, చదువులోనో వ్యాపారంలోనో దారి తోచనివారు ఇక్కడికి వస్తారు. తపసి చెట్టు ఎదుట మాట్లాడకుండా కూర్చొని, పిట్ట లోపలికి వెళ్లి దిగువ గుమ్మాన బయటికి వచ్చేదాకా చూసి, ఆ తరువాతే దర్శనానికి వెళ్లడం ఆచారం. కొందరికి అది గడియలో అవుతుంది, కొందరికి పూటంతా పడుతుంది. ఓపికగా చూసినవారికి వెతుకుతున్నది దొరుకుతుందని నమ్మకం. ప్రస్తుతం అర్చన చేస్తున్న బీరమ్మ గారు, కోరిక ఏదని భక్తులను అడగరు; పిట్టను చూశారా అని మాత్రం అడుగుతారు. చూశామన్నవారి చేతిలో గుడ్డ పిండుతారు. చూడలేదన్నవారికి చెట్టు నీడ లేని ఆ ఎండలో తన గొంగడి ఇచ్చి, ఇంకాసేపు కూర్చోమంటారు.

శ్రీ గూటి మల్లేశ్వరస్వామి వారు తమ గడపకు వచ్చిన అందరి దాహాన్నీ తీర్చుదురు గాక.